సర్కారు సొమ్ము, ప్రైవేటు మంచం
పాల సంఘం సభ్యులు తెలుసుకోవలసిన లెక్క

పాలిచ్చే గేదెను ఏ రైతూ ఇష్టపడి అమ్మడు. సంఘాలకు వెళ్లినప్పుడు, పాలు పోయడం మానేసిన సభ్యులను గురించి మేము కార్యదర్శులను విచారిస్తూ ఉంటాము. వారు చెప్పే కారణాలు ఎక్కువగా మూడే. ఒకటి మేత కరువు, రెండు పిల్ల పెళ్లి, మూడు ఇంట్లో మనిషికి ఆపరేషన్. మొదటి రెండింటికీ రైతు కొంత ముందుగా సిద్ధపడగలడు. మూడవది చెప్పి రాదు. వచ్చిన నాడు కొట్టంలోని గేదె సంతకు పోతుంది. పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లు ఆగిపోతుంది. మనిషి కోలుకుని ఇంటికి వచ్చేసరికి బతుకుదెరువు ఇంట్లో ఉండదు.

ఈ కష్టాన్ని తగ్గించడానికే ప్రభుత్వం తన ఖర్చుతో ప్రైవేటు ఆసుపత్రులలో కూడా వైద్యం చేయించే ఏర్పాటు చేసింది. దానినే మనం ఆరోగ్యశ్రీ అంటున్నాము. కార్డు చాలామంది సభ్యుల ఇళ్లలో ఉంది. కాని డబ్బు ఎవరిది, ఎవరు ఎవరికి ఎంత చెల్లిస్తారు, ఎక్కడ మోసం జరగవచ్చు, ఎక్కడ ఆగిపోవచ్చు అన్న సంగతులు తెలిసినవారు తక్కువ. పాల సంఘం నడిపేవారికి ఈ లెక్క కొత్తది కాదు. మన పాల సేకరణలో ఉన్న చిక్కులే ఇందులోనూ ఉన్నాయి. వాటిని వివరించడానికే ఈ వ్యాసం.

ఒకే దారి, రెండు రకాల వైద్యం

జిల్లాల నుండి వైద్యం కోసం హైదరాబాదు వచ్చే సభ్యులకు ముషీరాబాదు నుండి నారాయణగూడ వరకు ఉన్న దారి బాగా తెలుసు. 2020 ఫిబ్రవరి నుండి ఈ దారి మీదుగా మెట్రో రైలు నడుస్తున్నది. గాంధీ ఆసుపత్రి స్టేషనులో ఎక్కితే ముషీరాబాదు, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి దాటి నాలుగవ స్టేషను నారాయణగూడ. చిక్కడపల్లి పక్కనే అశోక్‌నగర్. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే మన పిల్లలు ఎంతోమంది అక్కడి కోచింగ్ సెంటర్లలోనూ, హాస్టళ్లలోనూ ఉన్నారు. మెట్రోలో నాలుగు స్టేషన్లే అయినా, మన దేశ వైద్యంలోని రెండు పద్ధతులూ ఈ దారి మీద పక్కపక్కనే కనిపిస్తాయి.

ఒక చివర గాంధీ ఆసుపత్రి. ఇది 2003లో సికింద్రాబాదు నుండి ముషీరాబాదుకు మారింది. పూర్వం ముషీరాబాదు జైలు ఉన్న స్థలమది. డాక్టరు జీతం, మందు, మంచం అన్నీ సర్కారువే. రెండవ చివర నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉంది. ఐ.పి.ఎం. అంటే అందరికీ తెలుస్తుంది. కుక్క కాటు టీకాకు, రక్త నిధికి, నీటి పరీక్షకు పేరు పొందిన సర్కారు సంస్థ అది. 2018 నుండి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల కూడా అక్కడే ఉంది. బస్తీ దవాఖానాలలో తీసిన రక్త నమూనాలు అక్కడికి చేరుతాయి. పరీక్షకు రుసుము లేదు. సమీపంలోని నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి, విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభ వారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి ఉన్నాయి. మొదటిది సర్కారుది, రెండవది సేవా సంస్థది.

ఈ రెండు చివరల మధ్య చిక్కడపల్లి, నారాయణగూడ వీధులలో ప్రైవేటు క్లినిక్కులు, నర్సింగ్ హోములు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు వరుసగా ఉన్నాయి. సాయంత్రమైతే బోర్డుల కింద చెప్పుల గుట్టలు కనిపిస్తాయి. ఉదయం సర్కారు ఆసుపత్రిలో చూసిన డాక్టరే సాయంత్రం ప్రైవేటు క్లినిక్కులో కూర్చోవడం మన రాష్ట్రంలో చాలాకాలంగా ఉన్న అలవాటు. కొత్తగా చేరే సర్కారు డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు చేయరాదని తెలంగాణ ప్రభుత్వం 2022లో నిబంధన మార్చింది. అంతకు ముందు చేరినవారి సంగతి వేరు.

ఇటీవల ఆ వీధులలో ఒకదానిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెట్ల మీద మాకు ఒక పెద్దాయన కనిపించారు. తాను కూడా పాల సంఘం సభ్యుడినేనని చెప్పారు. భార్యను లోపల చేర్చుకున్నారు. చేతిలో కార్డు పట్టుకుని ఆయన మమ్మల్ని అడిగారు: “కార్డు ఉన్నది గద సారూ, మల్ల పైసలెందుకు కట్టుమంటున్రు?” ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే మొదటి నుండి చెప్పుకోవలసి ఉంటుంది.

ఆరోగ్యశ్రీ ఎలా వచ్చింది?

గుండె, మెదడు, మూత్రపిండాలు, క్యాన్సరు వంటి పెద్ద జబ్బులకు వైద్యం చేయగల ఆసుపత్రులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నగరాలలోనే ఉండేవి. వాటిలో ఎక్కువ ప్రైవేటువి. పేదవాడికి అటువంటి జబ్బు వస్తే మిగిలిన దారి ముఖ్యమంత్రి సహాయనిధి. దరఖాస్తు పెట్టాలి, సిఫారసు తేవాలి, కాగితం కదిలేదాకా ఎదురుచూడాలి. జబ్బు మాత్రం కాగితం కోసం ఆగదు.

ఈ పద్ధతిని మార్చి 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యులు. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే మరో 50 వేల వరకు వైద్య ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. రోగి ముందుగా డబ్బు కట్టనక్కరలేదు. 2008 జులై నాటికి పథకం రాష్ట్రమంతటికీ వచ్చింది. మొదట ఒక బీమా కంపెనీ ద్వారా నడిపారు. 2008లో రెండవ దశ మొదలైనప్పటి నుండి, కొత్తగా చేర్చిన చికిత్సలకు ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా డబ్బు చెల్లించసాగింది.

2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత రెండు రాష్ట్రాలూ పథకాన్ని వేరువేరుగా నడుపుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ ప్రారంభించింది. తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు.

ఇందులో ముఖ్యంగా గమనించవలసింది ఒకటి ఉన్నది. ప్రభుత్వం ఇక్కడ ఆసుపత్రి కట్టలేదు, వైద్యాన్ని కొన్నది. ఏ ఆపరేషన్‌కు ఎంత ఇవ్వాలో ముందే ఒక ధర నిర్ణయించింది. దానిని ప్యాకేజీ అంటారు. జాబితాలో చేరిన ఆసుపత్రి, ప్రైవేటుదైనా సర్కారుదైనా, ఆ ధరకు వైద్యం చేసి బిల్లు పంపుతుంది. పరీక్షలు, ఆపరేషన్, మంచం, భోజనం, ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు ఆ ప్యాకేజీలోనే ఉండాలని మొదటి నుండి నియమం. కాబట్టి ప్యాకేజీ కింద అనుమతి వచ్చిన వైద్యానికి ఆసుపత్రి రోగి వద్ద అదనంగా వసూలు చేయకూడదు. మెట్ల మీది పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు ఇదే.

పాల సేకరణతో పోల్చి చూడండి

ఉదయం సంఘానికి పాలు తెచ్చిన సభ్యునికి మూడు విషయాలు కావాలి. ధర న్యాయంగా ఉండాలి, పరీక్ష నిజంగా జరగాలి, బిల్లు వేళకు రావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెడినా సంఘం చెడుతుంది. ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రి నుండి వైద్యం కొనడంలోనూ ఈ మూడే ప్రధానం.

మొదటిది ధర. పాలకు లీటరు లెక్కన ఒకే ధర కట్టామనుకోండి. నీళ్లు కలిపినవాడికి లాభం, చిక్కటి పాలు పోసినవాడికి నష్టం. అందుకే వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి రేటు చార్టు ప్రకారం చెల్లిస్తాము. ఆసుపత్రికి ఆపరేషన్ల సంఖ్య లెక్కన చెల్లిస్తే, అవసరం లేని ఆపరేషన్ కూడా చేయాలన్న ఆశ పుడుతుంది. ఒక్కొక్క ఆపరేషన్‌కు ఒకే ధర కట్టినందువల్ల మరొక ఆశ పుడుతుంది. తేలికగా కోలుకునే రోగిని చేర్చుకుని, షుగరు, బి.పి., వయసు మీద పడిన చిక్కు కేసును “గాంధీకి తీసుకుపొండి” అని పంపించడం సులువు. మీగడ ఒకరు తీసుకుని, మిగిలిన పాలు సర్కారు డెయిరీకి పోసినట్లు ఉంటుంది ఈ పని. తరువాత రెండింటి ఖర్చూ పక్కపక్కన పెట్టి, సర్కారు ఆసుపత్రిలో మరణాలెక్కువ, రోజులెక్కువ అని నింద వేయడం కూడా జరుగుతుంది. ఎవరికి ఎటువంటి పాలు వచ్చాయో చూడకుండా వెన్న శాతం పోల్చడం తప్పు కదా!

రెండవది పరీక్ష. పాలు పోసేవాడే తన పాలకు వెన్న శాతం రాసుకుంటే ఏమవుతుందో కార్యదర్శులకు చెప్పనక్కరలేదు. ఆపరేషన్ అవసరమని చెప్పేదీ, చేసేదీ, బిల్లు తీసుకునేదీ ఒకే ఆసుపత్రి అయినప్పుడు మధ్యలో మరొక కన్ను ఉండాలి. అందుకే అత్యవసరం కాని ఆపరేషన్‌కు ముందు ట్రస్టు డాక్టర్ల అనుమతి కావాలని నియమం పెట్టారు. అయినా లోపాలు వచ్చాయి. గర్భసంచి తొలగించే ఆపరేషన్లు చిన్న వయసు స్త్రీలకు కూడా అనవసరంగా చేస్తున్నారన్న విమర్శ ఉమ్మడి రాష్ట్రంలో బలంగా వచ్చింది. దానితో ఆ ఆపరేషన్ వంటి కొన్నింటిని ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. సంఘంలో వచ్చిన నమూనాను శీతలీకరణ కేంద్రంలో మళ్లీ పరీక్ష చేసినట్లే, చేసిన ఆపరేషన్లను తరువాత తనిఖీ చేసే ఏర్పాటు గట్టిగా ఉండాలి.

మూడవది బిల్లు. యూనియన్ పాల బిల్లు రెండు నెలలు ఆపితే సభ్యుడు ఏం చేస్తాడు? ప్రైవేటు వ్యాపారికి పాలు పోస్తాడు. అతనిని తప్పు పట్టలేము. ప్రభుత్వం ఆసుపత్రి బిల్లులు ఆపితే ఆసుపత్రి ఏం చేస్తుంది? కార్డు పట్టుకుని వచ్చిన రోగికి మంచం లేదంటుంది, లేదా ఏదో ఒక పేరుతో ముందుగా కొంత కట్టమంటుంది. 2025 సెప్టెంబరులో తెలంగాణలోని నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు చెల్లించలేదని ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేసి, ప్రభుత్వంతో చర్చల తరువాత తిరిగి ప్రారంభించాయి. సేవలు నిలిచిన ఆ రోజులలో ఆపరేషన్ తేదీ ఉన్న రోగి బాధ పత్రికలో రాసే అంకెలకు అందదు. బకాయి వల్ల మొదట నష్టపడేది ఆసుపత్రి యజమాని కాదు, మెట్ల మీద కూర్చున్న మనిషి. అయితే బకాయి ఉన్నదన్న సాకుతో రోగి వద్ద వసూలు చేయడం న్యాయం కాదు. అది ప్రభుత్వానికీ ఆసుపత్రికీ మధ్య లెక్క. పెద్దాయన ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇక్కడ ఉన్నది.

ఇతర చోట్ల ఏం చేశారు?

ప్రభుత్వ సొమ్ముకు ప్రైవేటు వైద్యాన్ని కలపడం మన ఒక్కరి సమస్య కాదు. బ్రిటన్‌లో 1948 జులై 5న జాతీయ వైద్య సేవ మొదలైనప్పుడు ఆసుపత్రులను ప్రభుత్వం తీసుకున్నది. అయినా పెద్ద డాక్టర్లకు ప్రైవేటు రోగులను చూసుకునే వీలు మిగిల్చింది. వీధి డాక్టర్లు ఉద్యోగులు కాలేదు, ఒప్పందం మీద పని చేసేవారుగా ఉన్నారు. ఆ విధంగా సర్కారు వైద్యం పుట్టిననాడే అందులో ప్రైవేటు పాలు కొంత కలిసి ఉన్నది.

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం గోధుమ రైతుల, సహకార సంఘాల రాష్ట్రం. 1962 జులై 1న అక్కడి ప్రభుత్వం ప్రతి ఒక్కరి డాక్టరు ఖర్చు తానే భరిస్తానన్నది. డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. ఆ సమయంలో ప్రజలు కొన్ని ఊళ్లలో సహకార పద్ధతిలో సొంత క్లినిక్కులు పెట్టుకున్నారు. చివరకు రాజీ కుదిరింది. డాక్టరు ప్రైవేటుగానే ఉంటాడు, బిల్లు మాత్రం ప్రభుత్వానిది. 1984లో కెనడా మొత్తానికి ఒక చట్టం చేశారు. డాక్టర్లు రోగి వద్ద అదనపు వసూలు చేస్తే, ఆ మేరకు కేంద్రం ఆ రాష్ట్రానికి ఇచ్చే నిధిలో కోత పడుతుంది. అదనపు వసూలును ఆపడానికి ఎంత గట్టి ఏర్పాటు కావలసి వచ్చిందో చూడండి.

మనకు అన్నింటికంటే దగ్గరి ఉదాహరణ పక్కనున్న కర్ణాటక. అక్కడ 2003లో సహకార సంఘాల సభ్యుల కోసం యశస్విని పథకం మొదలైంది. పాల సంఘాల సభ్యులు కూడా అందులో చేరారు. సభ్యుడు ఏడాదికి 60 రూపాయలు కట్టాలి. ప్రభుత్వం కొంత కలిపింది. జాబితాలోని ఆసుపత్రులలో ఆపరేషన్లు ఉచితం. మొదటి ఏడాదే సుమారు 16 లక్షల మంది చేరారు. రైతు తన సంఘంలోనే డబ్బు కట్టాడు గనుక, వైద్యం దానంగా కాక హక్కుగా అడిగాడు. 2018లో ఆ పథకాన్ని ప్రభుత్వ సాధారణ పథకంలో కలిపి ఆపివేశారు. సహకార సభ్యులు తిరిగి కావాలని కోరగా 2022లో పునరుద్ధరించారు. సంఘం ద్వారా వచ్చిన సేవను సభ్యులు ఎంత సొంతం చేసుకుంటారో దీనివల్ల తెలుస్తున్నది.

కార్డుకు అందని జబ్బులు

ఇక్కడ మన పథకంలోని ఒక పెద్ద లోటును చెప్పకుండా ఉండలేము. ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి ఏర్పడింది. జ్వరానికి, మోకాలి నొప్పికి, బి.పి.కి, షుగరుకు నెలనెలా డాక్టరుకు చూపించుకుని మందులు కొనే ఖర్చు చాలావరకు అందులో రాదు. చిక్కడపల్లి, నారాయణగూడ వీధులలో సాయంత్రం పూట చెప్పుల గుట్టలు పడేది ఈ చిన్న జబ్బుల కోసమే. డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు కలిపి కొంచెం కొంచెంగా పాల బిల్లును తినేస్తాయి. ఆపరేషన్ ఒకేసారి వచ్చే వరద అయితే, ఇది రోజూ కారే కుండ.

పొదుగువాపు సంగతి మనకందరికీ తెలుసు. మొదటి రోజున పాలలో చిన్న పలుకులు కనిపించినప్పుడే చూపిస్తే కొద్దిపాటి మందుతో పోతుంది. వదిలేస్తే చన్ను గట్టిపడి పాడైపోతుంది. తరువాత ఎంత పెద్ద డాక్టరు వచ్చినా ఆ చన్ను పాలివ్వదు. మనిషి ఒంట్లో షుగరు కూడా ఇంతే. ఊళ్లోనే రక్త పరీక్ష చేయించుకుని మాత్రలు వేసుకుంటే సరిపోయేది, ఏళ్ల తరబడి వదిలేస్తే మూత్రపిండాలను పాడు చేస్తుంది. అప్పుడు డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితంగానే జరుగుతుంది. కాని వారానికి రెండు మూడు సార్లు యంత్రానికి కట్టుబడిన మనిషి కొట్టంలో ఏమి పని చేయగలడు? పెద్ద ఖర్చును భరించే ప్రభుత్వం చిన్న ఖర్చును వదిలివేస్తే, చివరకు పెద్ద ఖర్చే పెరుగుతుంది.

ఈ లోటును పూడ్చగలిగినవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, నగరంలో 2018 నుండి వచ్చిన బస్తీ దవాఖానాలు, నారాయణగూడ ఐ.పి.ఎం. ఆవరణలోని ప్రయోగశాల వంటివి. ఇవి పూర్తిగా సర్కారువి. వీటికి బోర్డు వెలుగులు లేవు. పత్రికలలో ఫోటోలు తక్కువ. కాని ఒక రక్త పరీక్ష వేళకు జరిగి ఒక మూత్రపిండం నిలిచితే, ఒక గేదె సంతకు పోకుండా ఆగినట్లే.

సొంత శీతలీకరణ కేంద్రం ఎందుకు?

పాలు పుష్కలంగా వచ్చే చలికాలంలో ప్రైవేటు డెయిరీలు కూడా పాలు కొంటాయి, ఒక్కొక్కప్పుడు మనకంటే పావలా ఎక్కువే ఇస్తాయి. అప్పుడు కొందరు సభ్యులు, మనకు సొంత శీతలీకరణ కేంద్రం ఖర్చు ఎందుకని అడుగుతారు. మార్కెట్ తిరగబడిన నాడు ప్రైవేటువారు పాలు వద్దంటారు. ఆ రోజున మన కేంద్రం తెరిచి ఉండబట్టే సభ్యుని పాలు నేలపాలు కాలేదు. సహకార డెయిరీ ఉండబట్టే మిగతా వారు కూడా మరీ తక్కువ ధర ఇవ్వలేకపోతున్నారు.

వైద్యంలోనూ ఇదే నిజమని 2020లో రుజువైంది. కోవిడ్ వచ్చిన మొదటి నెలలలో తెలంగాణకంతటికీ గాంధీ ఆసుపత్రే ప్రధాన కోవిడ్ ఆసుపత్రిగా నిలిచింది. ప్రైవేటు ఆసుపత్రులకు అనుమతి ఇచ్చాక ప్రభుత్వం ధరలకు పరిమితి పెట్టింది. అయినా అధిక వసూళ్ల మీద ఫిర్యాదులు వచ్చాయి. సర్కారు చేతిలో సొంత ఆసుపత్రి లేకపోయి ఉంటే, పేదవాడు ఎక్కడికి పోయేవాడు?

కాబట్టి ప్రైవేటు ఆసుపత్రిలో సర్కారు సొమ్ముతో వైద్యం చేయించడం తప్పని మేము అనడం లేదు. ఆరోగ్యశ్రీ లేకపోతే ఎందరి గుండెలు ఆగిపోయేవో, ఎన్ని ఇళ్లు అప్పుల పాలయ్యేవో సభ్యులకు తెలుసు. మేము చెప్పేది ఒక్కటే. కొనుగోలు చేసేవాడికి సొంత సరుకు ఉన్నప్పుడే బేరం నిలుస్తుంది. ట్రస్టు డబ్బంతా ప్రైవేటు బిల్లులకే పోయి, గాంధీలో మంచం, ఊళ్లో ఆరోగ్య కేంద్రం, నారాయణగూడలో ప్రయోగశాల ఎండిపోతే, రేపు ధర చెప్పేది ప్రభుత్వం కాదు. సర్కారు ఆసుపత్రి మన శీతలీకరణ కేంద్రం. దానిని నిలబెట్టుకుంటూనే బయట కొనాలి.

సభ్యులకు సూచనలు

1. ఆహార భద్రత కార్డులో ఇంటిల్లిపాది పేర్లు ఉన్నవో లేదో, ఆధార్‌లోని పేరుతో సరిపోతున్నవో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి. కోడళ్ల పేర్లు, కొత్తగా పుట్టిన పిల్లల పేర్లు తరచు తప్పిపోతున్నాయి.

2. అత్యవసరమైతే 108కి ఫోను చేయండి. అత్యవసరం కాకపోతే ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఏరియా ఆసుపత్రిలో గాని చూపించండి. మధ్యవర్తుల మాట విని నేరుగా నగరంలోని ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లకండి.

3. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఆరోగ్యమిత్రను కలవండి. ఆ ఆసుపత్రి జాబితాలో ఉన్నదా అని మాత్రమే కాదు, మీ జబ్బుకు జాబితాలో ఉన్నదా అని అడగండి. గుండెకు అనుమతి ఉన్న ఆసుపత్రికి ఎముకలకు ఉండకపోవచ్చు.

4. అనుమతి వచ్చిన వైద్యానికి డబ్బు అడిగితే రసీదు ఇమ్మనండి. రసీదు అడిగిన చోట చాలా వసూళ్లు అక్కడికక్కడే ఆగుతాయి. ఆగకపోతే ఆరోగ్యమిత్రకు చెప్పండి, 104కు ఫోను చేయండి.

5. వెంటనే చేయకపోయినా ప్రాణాపాయం లేని ఆపరేషన్ చెప్పినప్పుడు, ముఖ్యంగా గర్భసంచి విషయంలో, సర్కారు ఆసుపత్రిలో మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోండి. ఆడవారికి ఇంట్లో పని ఆగుతుందని తొందరపడి ఒప్పుకోవడం జరుగుతున్నది. ఆ తొందర వల్ల తరువాత ఏళ్ల తరబడి బాధ పడవలసి రావచ్చు.

6. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితాలు, పరీక్షల రిపోర్టులు ఒక సంచిలో భద్రపరచండి. పాల పుస్తకం ఎంత ముఖ్యమో అవీ అంతే.

7. ప్రతి సంఘం ఏడాదికి కనీసం రెండుసార్లు, పాలు పోసే సమయంలో, ఆరోగ్య కేంద్రం సిబ్బందిని పిలిచి సభ్యులకు బి.పి., షుగరు పరీక్ష చేయించవలసిందిగా కోరుతున్నాము. గాలికుంటు టీకాకు పశువులను వరుసలో నిలబెడుతున్నాము గదా, అదే శ్రద్ధ మనుషుల మీద కూడా పెడదాము.

8. సర్వసభ్య సమావేశంలో పాల ధర, దాణా ధరతో పాటు ఊరి ఆరోగ్య కేంద్రం సంగతి కూడా చర్చకు పెట్టండి. డాక్టరు వస్తున్నారా, మందులు ఉన్నాయా అని చూసి, లేకపోతే తీర్మానం చేసి పై అధికారులకు పంపండి. ఒక మనిషి చెప్పిన మాటకంటే సంఘం తీర్మానానికి బరువు ఎక్కువ.

చివరగా ఆ పెద్దాయన సంగతి. ఆయనను వెంటబెట్టుకుని మేము లోపలికి వెళ్లి ఆరోగ్యమిత్రను కలిశాము. అనుమతి ముందురోజే వచ్చి ఉన్నది. అడిగిన డబ్బుకు రసీదు ఇమ్మనగానే, ఆ డబ్బు అవసరం లేదన్నారు. “నేనొక్కన్నే అడిగితే ఇనలే సారూ” అన్నారాయన. ఇంటి దగ్గర రెండు గేదెలున్నాయట, ఒకదానికి అప్పటికే బేరం కుదిరిందట. ఆ రాత్రే కొడుక్కు ఫోను చేసి ఆ బేరం వద్దన్నారు.

ఒక్కడుగా అడిగితే వినని మాట, పక్కన మరొకరు నిలబడితే విన్నారు. పాల ధర విషయంలో మన పెద్దలు సంఘం పెట్టుకున్నదీ ఇందుకే. వైద్యం విషయంలోనూ సంఘాలు సభ్యుని పక్కన నిలబడాలని కోరుతున్నాము.